లేని గడప

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. భయం లేదని చెప్పను, నమ్మకం లేదు. ముప్పై ఏళ్లు ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో లెక్కలు చూశాను. సాయంత్రానికి లెక్క కలవకపోతే కూడికలో ఎక్కడో తప్పు దొర్లిందనుకునేదాన్ని తప్ప, ఎవరో వచ్చి అంకె మార్చి వెళ్లారని ఏనాడూ అనుకోలేదు. ఇప్పుడు రాయబోయే సంగతిలోనూ అలాంటి తప్పే ఏదో ఉండి ఉంటుందని ఇన్నేళ్లూ వెతికాను. దొరకలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

విజయవాడ వన్‌టౌన్‌లో, కొండ కింద సందులో, మా మామగారు కట్టించిన పెంకుటిల్లు మాది. అత్తగారు పోయాక తాళం వేసి ఉంచారు. మేం గుణదలలో అద్దెకుండేవాళ్లం. 1993లో పంపకాలు జరిగి ఇల్లు మా వాటాకు వచ్చింది. మా ఆయన గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో గుమాస్తా. ఇద్దరి జీతాల్లోంచి మిగిల్చి ఇల్లు బాగుచేయించాలి. అందుకని ఒక గది చేయించడం, ఆపడం, మళ్లీ డబ్బు కూడాక ఇంకో గది మొదలుపెట్టడం. అలా నాలుగేళ్లు పట్టింది.

ఆ నాలుగేళ్లూ ఆ ఇంట్లోనే ఉన్నాం. సిమెంటు దుమ్ములోనే ఇద్దరు పిల్లల్ని పెంచాను. పాలగిన్నె మీద ఎప్పుడూ తడిగుడ్డ ఉండాల్సిందే. మా అమ్మాయి పద్మ ఇసక కుప్ప మీద వేలితో రాసే అక్షరాలు నేర్చుకుంది.

ముందు గదికీ నడిమి గదికీ మధ్య ఒక గడప ఉండేది. జానెడు కంటే ఎత్తు, టేకుది. అడుగులు పడీ పడీ మధ్యలో పల్లంగా అరిగిపోయింది. మేం ఇంట్లో దిగిన వారంలోనే పద్మ దాని మీద బోర్లా పడింది. అప్పటికి దానికి నాలుగేళ్లు. గడ్డం చీలి రెండు కుట్లు పడ్డాయి. ఆ వేసవిలోనే గడప తీయించేశాను. తలుపు, ద్వారబంధం, అడ్డగోడ కూడా తీయించి, పైన ఇనప గర్డర్ వేయించి రెండు గదులూ కలిపి ఒకే హాలు చేశాం. హాలంతా ఒకే మట్టంగా మొజాయిక్ పోయించాం. కడిగిన నీళ్లు పెరట్లోకి పోయేలా వీధి వైపు నుంచి వెనక్కి కొద్దిగా వాలు పెట్టమని మేస్త్రికి నేనే చెప్పాను. దగ్గర నిలబడి పెట్టించాను కూడా.

గడప కొయ్య గట్టిది, పారేయడమెందుకని వడ్రంగి చేత కోయించి వంటింట్లో రెండు అరలు కొట్టించాను.

మా ఆయన అక్కగారు సుభద్ర వదిన మైలవరం నుంచి చూడటానికి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"గడప పీకించేశావా? గడప లేకపోతే అది ఇల్లేంటే, సత్రం గానీ!"

"పిల్ల గడ్డం పగిలింది వదినా."

"మేం నలుగురం దాని మీద పడి లేచినవాళ్లమే. మీ ఆయన నుదుటి మీద మచ్చ ఏమనుకున్నావ్, పుట్టుమచ్చ అనుకున్నావా? ఇంతకీ ఆ కొయ్య ఏదీ?"

చూపించాను. వదిన అర మీద చెయ్యి పెట్టి తడిమింది.

"మా అమ్మ శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టుకున్న గడప మీద పోపులడబ్బా పెట్టావుటే?"

మా ఆయన చదువుతున్న పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

రవి 1995 ఫిబ్రవరిలో పుట్టాడు. అంటే గడప తీసేశాక ఏడాదిన్నర దాటి. వాడు ఆ గడపను చూడలేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోమని చదివేవాళ్లను కోరుతున్నాను.

వాడికి పద్నాలుగో నెలలో నడక వచ్చింది. వచ్చిన నాలుగైదు రోజులకు గమనించాను. హాల్లో వీధి వైపు నుంచి పెరటి వైపు నడిచేటప్పుడు, సగం దూరంలో ఆగేవాడు. ఎడం చెయ్యి చాపి గాల్లో దేన్నో పట్టుకున్నట్టు వేళ్లు ముడిచేవాడు. తర్వాత కుడికాలు బాగా పైకెత్తి, అవతల పెట్టి, రెండో కాలు కూడా అలాగే ఎత్తి దాటేవాడు. ఆపైన మామూలుగా నడిచి వెళ్లిపోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడూ అంతే.

అక్కడ నున్నటి నేల తప్ప ఏమీ లేదు.

ఇంట్లో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా తమ్ముడికి రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. వాడు కాలు ఈడుస్తూ నడవడం చూస్తూ పెరిగాను. పిల్లల నడకలో ఏ చిన్న తేడా కనిపించినా నాకు అదే భయం. రవికి చుక్కలన్నీ వేయించాను, కార్డు జాగ్రత్తగా దాచాను. అయినా రాత్రిళ్లు లేచి వాడి కాళ్లు తడిమి చూసుకునేదాన్ని, రెండూ ఒక్క లావే ఉన్నాయా అని.

డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన తన గదిలో అటూ ఇటూ నడిపించారు. వాడు శుభ్రంగా నడిచాడు. కాలు ఎత్తలేదు, ఆగలేదు.

"కాళ్లకేం లోటు లేదమ్మా. పిల్లలన్నాక ఏదో ఒక ఆట కనిపెట్టుకుంటారు, అదీ అలాంటిదే" అన్నారు.

ఆటే అయితే ఎప్పుడో ఒకసారి చోటు మారాలి కదా. వాడు కాలెత్తిన చోట సుద్దతో గీత గీశాను. మర్నాడు వాడు చూడకుండా గీత తుడిచేసి, చాప పరిచాను. చాప మీద కూడా అక్కడే ఎత్తాడు. దాగుడుమూతలని చెప్పి తువ్వాలు తల మీద కప్పి వదిలాను. అప్పుడూ అక్కడే. మొజాయిక్‌లో గాజు పట్టీ ఏదైనా వాడికి గీతలా కనిపిస్తోందేమోనని చూశాను. దగ్గరలో ఉన్న పట్టీ రెండడుగుల అవతల ఉంది. ఇంకో సంగతి. అడ్డగోడ లేదు కాబట్టి ఎటు నుంచైనా వెళ్లచ్చు. వాడు మాత్రం చుట్టూ తిరిగి వచ్చి, పాత తలుపు ఉన్న ఆ మూడడుగుల వెడల్పులోంచే వెళ్లేవాడు.

వంటింటి పనికి వచ్చిన మేస్త్రిని అడిగి, గర్డర్ నుంచి దారానికి గుండు కట్టి కిందికి వదిలించాను. పాత గోడ సరిగ్గా ఆ గర్డర్ కిందే ఉండేది. గుండు వచ్చి నా సుద్దగీత మీద నిలిచింది.

"ఇదెందుకమ్మగారూ?" అన్నాడు మేస్త్రి.

"ఊరికే" అన్నాను. పనివాళ్ల ముందు ఇంకేం చెప్పను?

ఆ వేసవిలో పిల్లల్ని మైలవరం తీసుకెళ్లాం. సుభద్ర వదినవాళ్లది పాత ఇల్లు, గదికో గడప. రవి వాటి మీద పొద్దుట రెండుసార్లు, సాయంత్రం ఒకసారి తన్నుకుని పడ్డాడు.

"బాగుంది వరస! మా ఇంట్లో ఉన్న గడప వీడికి కనపడదు. మీ ఇంట్లో లేనిది కనపడుతుంది" అంది వదిన. తర్వాత గొంతు తగ్గించి, "వీడు గడప దాటినప్పుడు కొబ్బరికాయ కొట్టలేదు కదే" అంది.

మా వైపు పిల్లలు మొదటిసారి గడప దాటితే కొబ్బరికాయ కొట్టి ముక్కలు పంచుతాం. మా అత్తగారింట్లో అది నడిమి గడప దగ్గరే కొట్టడం ఆనవాయితీ, పద్మకూ ఆవిడే అక్కడ కొట్టారు. రవికి చేయలేదు, దాటడానికి ఆ గడప లేదు కనుక.

"లేని గడప దాటాడని కొబ్బరికాయ కొడితే సందులో అందరూ నవ్వుతారు వదినా" అన్నాను. ఆవిడ మళ్లీ ఎత్తలేదు.

1997 జనవరి చివరి వారం, పొద్దున్నే. అప్పుడు వంటింటి పని జరుగుతోంది. పొయ్యి వీధి వైపుకు, హాలు మొదట్లోకి మార్చాను. స్నానాల గది పెరట్లో. చలికాలం కాబట్టి వేణ్ణీళ్లు ఇక్కడ కాచి, హాలు మీదుగా అక్కడికి మోసుకెళ్లాలి. మా ఆయన పెరట్లో మేస్త్రితో మాట్లాడుతున్నారు. పద్మ హాల్లో గోడ వారన కూర్చుని బడికి బూట్లు కట్టుకుంటోంది. రవి పెరటి వైపు సగంలో, గర్డర్‌కు కాస్త అవతల, నేల మీద కూర్చుని చెంచాలు పేరుస్తున్నాడు.

నేను మరుగుతున్న నీళ్ల గిన్నె రెండు పక్కలా గుడ్డతో పట్టుకుని నడుస్తున్నాను. వాడిని చూశాను. పక్కనుంచి వెళ్లాలని కూడా అనుకున్నాను.

కుడికాలు దేనికో గట్టిగా కొట్టుకుంది.

జారలేదు. జారడానికీ కొట్టుకోవడానికీ తేడా అందరికీ తెలుసు. తూలి వెనక్కి తగ్గి, గిన్నె బరువుకు మోకాళ్ల మీద కూలబడ్డాను. గిన్నె నా ముందు పడి, వాడి వైపుకు ఒరిగింది. కొంత నా ఎడం చేతి మీద పడింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మిగతా నీళ్లన్నీ పొగలు కక్కుతూ వాడి వైపు వెళ్లాయి. వాడు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు.

నీళ్లు ఆగిపోయాయి.

గర్డర్ కింద, తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఆగిపోయాయి. ఆగి, వెనక్కి మళ్లి, పక్కలకు పారాయి, పలక అడ్డం పెడితే పారినట్టు. ఇవతల వేలి మందాన నీళ్లు, పైన ఆవిరి. అవతల పొడి నేల, నేల మీద చెంచాలు, వాడు. వాడు నీళ్ల వంక చూసి, మళ్లీ చెంచాల పనిలో పడ్డాడు.

"అమ్మా, నీళ్లు నిలబడ్డాయి" అంది పద్మ. సరిగ్గా ఆ మాటే అంది.

లేచి వెళ్లి వాడిని ఎత్తుకున్నాను. ఎలా వెళ్లానో నాకు గుర్తు లేదు. "నువ్వు కాలు బాగా పైకెత్తి దాటావమ్మా, తమ్ముడిలాగా" అని పద్మ తర్వాత చెప్పింది. వాడిని మంచం మీద కూర్చోబెట్టి వెనక్కి తిరిగేసరికి, నీళ్లు వాలు వెంట మామూలుగా పారి చెంచాల కిందికి వచ్చేశాయి. మా ఆయన గిన్నె పడిన చప్పుడు విని పరిగెత్తుకొచ్చేసరికి కనిపించింది తడి నేల, నా చేతి బొబ్బలు, అంతే.

"కంగారులో అలా అనిపించి ఉంటుంది" అన్నారు. తర్వాత, "పిల్లవాడికేం కాలేదు కదా, అది చాలు" అన్నారు.

మర్నాటికి నా కుడికాలి బొటనవేలి గోరు నల్లబడింది. ఎనిమిది నెలలకు గానీ కొత్త గోరు పూర్తిగా రాలేదు. నున్నటి నేల మీద నడిస్తే గోరు నల్లబడదు.

చెయ్యి మానాక పిల్లలు లేని సమయం చూసి, అదే గిన్నెతో అదే చోట నీళ్లు పోశాను. ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్ణీళ్లు, చివరికి మరుగుతున్నవి. ప్రతిసారీ ఆగకుండా అవతలికి పారాయి. వాలు నేను పెట్టించినట్టే ఉంది.

ఈ సంగతి తెలిసి సుభద్ర వదిన మొదటి బస్సుకే వచ్చింది. సంచిలో కొబ్బరికాయ ఉంది. ఈసారి నేనేం అనలేదు. ఒక్కటే అడిగాను.

"ఎక్కడ కొడతారు వదినా? గడప లేదుగా."

"ఉన్నచోటే కొడతాను."

"మొజాయిక్ నేల, పగులుతుంది..."

"పెరట్లో రాయి మీద కొట్టుకొస్తాలేవే, నీ నేల బంగారం గానూ!"

రెండు చెక్కలూ తెచ్చి గర్డర్ కింద, మూడడుగుల ఎడంగా అటొకటీ ఇటొకటీ పెట్టింది. రవి వాటి మధ్యకు వచ్చి, చెయ్యి చాపి, కాలెత్తి దాటాడు. వదిన కళ్లు తుడుచుకుంది. ముక్కలు పంచుతుంటే మేస్త్రి కూడా తీసుకున్నాడు, ఎందుకని అడగలేదు.

ఆ తర్వాత వాడు ఎన్నాళ్లు అలా దాటాడో చెప్పలేను. బళ్లో వేసేనాటికి మానేశాడు. అన్నీ రాసిపెట్టుకునే దాన్ని, అదెప్పుడు ఆగిపోయిందో మాత్రం రాసుకోలేదు. భయం పోయాక పిల్లల కాళ్ల వంక ఎవరు చూస్తారు? ఇప్పుడు వాడికి ఇదేదీ గుర్తు లేదు.

పద్మకు గుర్తుంది. అది ఇప్పుడు సైన్సు టీచరు. కొత్త మొజాయిక్ మీద మైనం పాలిష్ ఉంటుంది కాబట్టి నీళ్లు ఒక క్షణం నిలిచి ఉంటాయని చెబుతుంది. మొజాయిక్ అప్పటికి కొత్తదేమీ కాదు, మూడేళ్లకు పైగా రోజూ కడిగిన నేల అని నేను చెబుతాను. మరి నీ గోరు సంగతేంటని అదే అడుగుతుంది.

2006లో హాల్లో టైల్స్ వేయించాం. పాత మొజాయిక్ పగలగొట్టినప్పుడు దగ్గర కూర్చుని చూశాను. ఇసక, ఇటిక ముక్కలు తప్ప కింద ఏమీ లేదు. మనిషి పోతే దయ్యమవుతాడని చెప్పగా విన్నాను. కొయ్య సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ కొయ్యా పోలేదు, ఇప్పటికీ నా వంటింట్లో పోపులడబ్బా మోస్తోంది.

ఇవాళ్టికీ నాకు నమ్మకం లేదు. ఏం జరిగిందో తెలియదని మాత్రం ఒప్పుకుంటాను. మోకాళ్ల నొప్పులతో హాల్లో నడుస్తూ, గర్డర్ కిందికి వచ్చేసరికి ఆగి, చెయ్యి చాపి, ఓపిక చేసుకుని కాలు పైకెత్తి దాటుతాను. చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఒకసారి తగిలిన చోట చూసుకుని నడవడానికి నమ్మకంతో పనేముంది?