బుడగ అక్షరాలతో అంటించిన హెచ్చరిక

సింధు స్పృహ తప్పిందన్న కబురు మొదట నాకు తెచ్చింది రమ్య. కెనడాలోని వాటర్లూలో మా పక్కింట్లో అద్దెకుంటున్న నలుగురు తెలుగు విద్యార్థినులలో ఇద్దరు వీళ్లు. పొద్దున్న ఆరింటికి నైట్ డ్రెస్ మీద కోటు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"బేస్‌మెంట్‌లో గ్యాస్ హీటర్ వేసుకుని పడుకుంది ఆంటీ. విషవాయువు అలారం మోగితే బయటికి లాక్కొచ్చాం. అంబులెన్స్‌లో టొరంటో తీసుకెళ్లారు."

"హీటర్ పాడైంది, వెయ్యొద్దని ఫ్రిజ్‌కి కాగితం అంటించాను కదమ్మా?"

"ఏ కాగితం ఆంటీ?"

ఇంటి యజమాని ఊళ్లో లేక నాకు ఫోన్ చేస్తే, నేనే టైప్ చేసి అంటించాను. బడికి పోని నాకు నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు. కంప్యూటర్ సొంతంగా నేర్చుకున్నాను. శనివారం భజన పిలుపులకని పిల్లల పుస్తకాల్లోలాంటి గుండ్రటి బుడగ అక్షరాలు ఎంచుకున్నాను. ముచ్చటగా ఉన్నాయని తర్వాత అన్నిటికీ అవే వాడాను.

ఏడుంపావుకి ఊళ్లో తిరిగే లైట్ రైల్లో పక్క ఊరు కిచెనర్ చేరి, టొరంటో రైలెక్కాను. పేషెంటు దగ్గరికి వెళ్లేవాళ్లు తినడానికి ఏదైనా కట్టుకుని వెళ్లండి. నేను ఇడ్లీలు పెట్టుకున్నాను. ఎదురు సీట్లో గుంటూరు కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నన్ను గుర్తుపట్టాడు.

"భజన వాట్సాప్ గ్రూప్ ఆంటీ కదూ! ఏమీ అనుకోకండి, మీ బుడగ అక్షరాలు కనపడగానే చదవకుండా పైకి తోసేస్తా. పోయినసారి ఎవరో పోయారని మీరు పెడితే, హ్యాపీ బర్త్‌డే అని కొట్టేశా!"

అతను నవ్వాడు. నేను కిటికీ వైపు తిరిగి రామనామం అందుకున్నాను. గ్వెల్ఫ్ స్టేషన్ దాటేదాకా ఆపలేదు.

పదింటికి టొరంటోలో దిగి, సబ్‌వేలో ఆసుపత్రికి వెళ్లాను. ఒంట్లోని విషవాయువు పోవడానికి సింధుని పీపా లాంటి గదిలో ఉంచి ఒత్తిడితో ఆక్సిజన్ ఎక్కిస్తున్నారు. ఆ తలుపు మీద నిప్పు తేవద్దని నిటారైన ఎర్ర అక్షరాలు. చదవకుండా ఎవరూ దాటలేరు. వాటి ముందు రెండు గంటలు కూర్చున్నాను.

మధ్యాహ్నం మంచం మీదకు మార్చాక చెయ్యి పట్టుకున్నాను. "కాగితం చూడలేదా తల్లీ?"

"చూసిన ఆంటీ." కరీంనగర్ పిల్ల, మాట మెల్లగా వచ్చింది. "మీ బుడగలే కదా. ప్రసాదాల లిస్ట్ అనుకున్న."

"తప్పు నాదేనమ్మా."

కళ్లు మూసి తెరిచింది. "ఆంటీ, మీరెప్పుడొచ్చిన్రు?"

పది నిమిషాల్లో ఆ మాట మూడుసార్లు అడిగింది. ఈ మరుపు పోవచ్చు, పోకపోవచ్చు, ఇప్పుడే చెప్పలేమని డాక్టరమ్మ అంది.

నాలుగున్నర రైలుకి తిరుగుముఖం పట్టాను. దారంతా పొలాల మీద మంచు, మనసులో సింధు మళ్లీ మళ్లీ అడిగిన ఆ ఒక్క ప్రశ్న. అలారం మోగించిన దేవుడికి, లాక్కొచ్చిన పిల్లలకి జన్మంతా రుణపడి ఉంటాను. అయినా భయం వదలడం లేదు. నేను ముచ్చటపడిన అక్షరాలు ఒక పిల్ల ప్రాణం మీదకి తెచ్చాయి.

చదివేవాళ్లను ఒక్కటే అడుగుతాను. మీరు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకున్నా, సింధు అన్న పేరు ఒకసారి తలుచుకోండి. రేపు తొమ్మిదింటికి ఆ పిల్లని మళ్లీ ఆ ఆక్సిజన్ గదిలోకి తీసుకెళ్తారు.