బావ పేరు మీద ఊదిన ఊపిరి

మా బావ పోయాడని ఫోన్ చేసి చెబితే మొదటి ముగ్గురూ నమ్మలేదు. మంగళవారం పొద్దున పదకొండు గంటలకు సంగారెడ్డిలో ఆసుపత్రి వరండాలో నిలబడి చెప్పాను. మా చిన్నమ్మ, "నీ నోట్ల మన్ను వడ, ఏం పరాచికంరా ఇది" అని పెట్టేసింది. మా సూపర్‌వైజర్ నవ్వాడు. "పోయినసారి ప్యాకింగుల పాము జొచ్చిందంటివి, షిఫ్టంత బయట నిలబడితిమి. ఇయ్యాల ఇదా?" అన్నాడు. మూడో ఆయన నవ్వనుకూడా లేదు, "సరే తియ్" అన్నాడంతే. చివరికి ఫోన్ తీసుకుపోయి వార్డు తలుపు దగ్గర పట్టి మా అక్క ఏడుపు వినిపించాను. అప్పుడు నమ్మారు. నలభై ఆరేళ్లు కష్టపడి నేను సంపాదించుకున్న పేరు అది.

పోయినాయన మా అక్క మొగుడు. ఇస్నాపూర్‌లో రెండు గదుల సొంత ఇల్లు. ఇనుప అల్మారాలు తయారుచేసే కంపెనీలో ఇరవై ఏళ్లకు పైగా రంగు పని చేశాడు. ఇనుము మీది తుప్పును ఇసుకతో కొట్టి రాల్చడం, దాని మీద రంగు పొడి చల్లడం, భట్టీలోకి తోయడం. నేనూ అదే కంపెనీలో, ప్యాకింగ్ వైపు. తొమ్మిదో తరగతి గట్టెక్కనివాణ్ణి, రాతలో తప్పులుంటే మీరే దిద్దుకొని చదవండి. దిద్దడానికి వీల్లేని తప్పు ఒకటుంది, అది ముందే చెప్పేస్తాను. మా బావ ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. కంపెనీ పెట్టిన ఊపిరి పరీక్షలో ఆయన పేరు మీద గొట్టం ఊదింది నేను. ఆయన కన్నుమూసిన రోజుకు ఈ సంగతి మా అక్కకు తెలియదు.

బావా బామ్మర్దుల పరాచికాలకు మన దగ్గర హద్దు లేదని మీకు తెలుసు. వాళ్ల పెళ్లి ఫొటోలో ఆయన తల వెనక రెండు వేళ్లు కొమ్ముల్లా పెట్టింది నేనే. ఇంటికి రంగు వేసిన ప్రతిసారీ ఆ ఫొటో తీసి, తుడిచి, మళ్లీ అదే మేకుకు తగిలించేవాడు. "ఇది దిష్టిబొమ్మ. తీస్తే ఇల్లు కూలుతది" అనేవాడు వచ్చినవాళ్లతో.

పిల్లులు ఆ ఇంటికి రావడానికీ నేనే కారణం. మా ప్యాకింగ్‌లో థర్మకోల్ ముక్కల మధ్య ఏదో పిల్లి రెండు కూనల్ని పెట్టి పోయింది. ఒకటి తెల్లది, ఒకటి బూడిద రంగుది. వాటిని ఆయన టిఫిన్ సంచిలో పెట్టి, గిన్నె తీసి నా సంచిలో వేసుకున్నాను. ఇంటికి పోయి అక్క సంచి విప్పితే ఇల్లెగిరిపోయేట్టు అరుస్తుందని నా ఆశ. అరిచింది కూడా. కానీ మర్నాడు మా బావ కూనల్ని తిరిగి తేలేదు. తెల్లదానికి లప్పం అనీ, బూడిదదానికి ప్రైమర్ అనీ పేర్లు పెట్టేశాడు. గోడకు ముందు పూసేవి అవే కదా.

"పొద్దుగాల లేసి పిల్లి ముఖం సూడాల్నా నేను?" అని అక్క.

"ఇరవై ఏండ్ల సంది నా ముఖం సూసినవ్. ఏమైంది? బతికే ఉన్నవ్ గద" అని బావ.

రోజంతా కంపెనీలో రంగు పట్టినవాడు ఆదివారమైనా చేతులు ముడుచుకుని కూర్చోవాలా, లేదా? కూర్చునేవాడు కాదు. ముందు గోడను వేలి కణుపులతో కొట్టుకుంటూ పోయేవాడు, డాక్టరు పొట్ట మీద కొట్టి చూసినట్టు. డొల్ల మోగిన చోట సుద్దతో గుర్తు పెట్టి, గీకి, లప్పం పట్టి, అప్పుడు రంగు. ముందు గది లేత పసుపు. వంట మూల గచ్చకాయ ఆకుల పచ్చ. కాగితం కత్తిరించి తీగలూ పూలూ అచ్చు వేసేవాడు. వాసన ఎక్కువుండే రంగులు ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు, పిల్లులకు పడవని. గోడకు చెక్క మెట్లు బిగించి, వాటికీ గోడ రంగే వేశాడు. దూరం నుంచి చూస్తే లప్పం గోడ మీద గాలిలో నడుస్తున్నట్టు ఉండేది. కిరాయికి గది అడగడానికి వచ్చిన ఒక ఒడిశా కుర్రాడు అది చూసి చెప్పులు వదిలేసి ఉరికాడు.

"అల్మారాలు చేసేటోని ఇంట్ల అల్మారా లేదు గని పిల్లులకు మెట్లట" అని అక్క సణిగేది. ఆయన వినేవాడు కాదు. "గోడ ఆరేదాక ముట్టొద్దే. మనిషిని గూడ గంతే" అనేవాడు. "అందుకేనా రెండు రోజుల సంది నాతోని మాట్లాడుతలేవు?" అని అక్క. ఇద్దరూ నవ్వేవాళ్లు.

పటాన్‌చెరులో పిల్లుల డాక్టరమ్మ దగ్గరికి మొదటిసారి పోయినప్పుడు కార్డు నేను రాయించాను. పిల్లి పేరున్న చోట మా బావ పేరు, యజమాని పేరున్న చోట మా అక్క పేరు. అటెండర్ బయటికి వచ్చి బావ పేరు పెట్టి, "ఈయన్ను గట్టిగ పట్టుకోని లోపల్కి తీస్కరాండ్రి, కరుస్తడేమో" అన్నాడు. హాలంతా నవ్వు. లోపల డాక్టరమ్మ కార్డు చూసి, "ఆపరేషన్ అయిందా అండీ?" అంది. మా బావ తల వంచుకుని, "ఇద్దరు బిడ్డలు పుట్టంగనే అయిందమ్మా" అన్నాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి ఆమె, మర్యాదస్తురాలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ఆ కార్డు ఆయన మార్పించలేదు.

ఇగ అసలు సంగతి.

రెండేళ్ల కింద కంపెనీకి పరీక్షల వ్యాన్ వచ్చింది. రంగు వైపు వాళ్లూ ప్యాకింగ్ వైపు వాళ్లూ అందరూ గొట్టం ఊదాలి, తప్పినవాళ్లు మర్నాటి నుంచి గేటు దగ్గరికి రావద్దని కాంట్రాక్టర్ ముందే చెప్పాడు. అప్పటికే మా బావ చెక్క మెట్లు తుడవడానికి స్టూలెక్కి మధ్యలో ఆగేవాడు. నీళ్ల బిందె ఎత్తితే కాసేపు మాట్లాడేవాడు కాదు. క్యాంటీన్ షెడ్డులో వరసలో నా ముందు నిలబడి రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు.

"నాతోని కాదురా. గా గొట్టం సూస్తెనే దమ్మాడ్తలేదు."

"నీ టోకెన్ ఇటియ్యి. టోపి గూడ ఇయ్యి."

"దొరికితే?"

"గీడ ముఖాలెవ్వడు సూస్తడు బావా? నంబర్ సూస్తరు. నువ్వు పొయ్యి చాయ్ తాగు."

మొదట నా టోకెన్‌తో ఊదాను. వెనక్కి పోయి, రంగు మరకల టోపీ పెట్టుకుని, మళ్లీ వరసలో నిలబడి ఆయన టోకెన్‌తో ఊదాను. మిషన్ దగ్గరున్న అమ్మాయి తల ఎత్తలేదు. "బాగుంది అంకుల్, సిగరెట్ అలవాటు లేదా?" అంది. "రంగు తప్ప ఏం పీల్చనమ్మా" అన్నాను. బయటికి వచ్చి చెబితే మా బావ నవ్వాడు. నవ్వు మధ్యలోనే దగ్గైంది, ఆ దగ్గు చాయ్ డబ్బా గోడ పట్టుకుని నిలబడేదాకా పోయింది. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను.

ఫిట్ అని రాసిన కాగితాన్ని అక్క షోకేస్ అద్దం లోపల పెట్టింది. ఆ రోజు కోడికూర వండింది. నేను రెండు ముక్కలు ఎక్కువ తిన్నాను. దాచడమెందుకు?

ఆరు నెలలకు ప్రైమర్‌కు ఆయాసం మొదలైంది. మెడ చాపి, పొట్ట నేలకు ఆనించి, ఏదో కక్కబోతున్నట్టు దగ్గేది. బుట్టలో పెట్టుకుని ఇద్దరం పోయాం. డాక్టరమ్మ చాలాసేపు గొట్టం పెట్టి విని, ఛాతీ ఫొటో తీయించి, దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"ఏమండీ, ఇంట్లో ఎవరైనా రంగుల పని చేస్తారా?"

"నేనేనమ్మా" అన్నాడు బావ.

"పని బట్టలతోనే ఇంటికొస్తారా?"

"వస్త."

"ఇది ఎక్కడ పడుకుంటుంది?"

"నా ఛాతి మీద. అదుంటెనే నాకు నిద్ర."

ఆమె ఫొటో కింద పెట్టింది. "పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది కదండీ. మీ బట్టల మీద దుమ్మంతా దీని లోపలికే పోతోంది. బట్టల మీది దుమ్ముకే దీనికి ఇంతుంటే, రోజంతా పీల్చే మీకెంత ఉండాలి? రేపే వెళ్లి ఛాతీ డాక్టరుకు చూపించుకోండి."

మా బావ నా వైపు చూశాడు. తర్వాత ఆమెతో, "కంపెనీ పరీక్షల పాసైనమ్మా" అన్నాడు.

"అదెలా అండీ?" అని ఆమె నన్ను చూసింది. "మీరైనా చెప్పండి ఈయనకు."

ఊరంతా తిరిగే నోరు నాది. ఆ గదిలో లేవలేదు. చెబితే ఇద్దరి పనీ పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల దగ్గర బండి తీస్తూ, "నువ్వు పాసు, పిల్లి ఫెయిల్. వచ్చేసారి దానిది గూడ నేనే ఊదుత" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వుతో డాక్టరమ్మ చెప్పిన మాట అక్కడే, ఆ మెట్ల దగ్గరే చచ్చిపోయింది. చంపింది నేను.

ఆనాటి నుంచి ఆయన గేటు పక్క నల్లా దగ్గరే పని బట్టలు విప్పి, ఒళ్లు కడుక్కొని, లుంగీతో లోపలికి పోయేవాడు. పిల్లి కోసం. తన కోసం మాత్రం ముక్కుకు రుమాలు కట్టుకోవడం తప్ప ఏమీ చేయలేదు. రెండు నెలలకు ప్రైమర్ పోయింది. ప్రహరీ గోడ వెంట గుంత తవ్వి పూడ్చాం. మూడుసార్లు పార వేసి ఆయన కూర్చుండిపోయాడు, మిగతాది నేను తవ్వాను. "నా దుమ్ముతోనే పోయిందిరా" అన్నాడు. మర్నాడు షిఫ్టుకు పోయాడు.

చివరి నెల ఆసుపత్రిలోనే. నోట్లోంచి మాట ఒక్కొక్కటిగా వచ్చేది. ఒకరోజు అక్క మందులకు కిందికి పోగానే నా చెయ్యి లాగాడు.

"మీ అక్కకు చెప్పకు."

"ఏంది?"

"గదే. నేను పోతె ఆమెకు నువ్వే. బిడ్డలు వాళ్ల వాళ్ల ఇండ్లల్ల ఉన్నరు. నువ్వు చెప్పినవంటే... నిన్ను గూడ పోగొట్టుకుంటది." ఊపిరి కూడదీసుకుని, "లప్పానికి పాలు వోసిన్రా?" అన్నాడు.

సరే అన్నాను. పోస్తున్నాం అన్నాను. మొదటిది నిలబెట్టుకోలేకపోయాను.

పెద్దకర్మ అయ్యాక వచ్చిన చుట్టాలందరికీ అక్క ఆ కాగితం తీసి చూపించేది. "పరీక్షల మంచిగ పాసైండు సూడుండ్రి. ఊపిరి ఎంత మంచిగుండెనో రాసిన్రు. మరెట్లయింది?" అని అడిగేది. ఎవరో ఒకావిడ, "పిల్లి బొచ్చు బిడ్డా. ఛాతి మీద పండవెట్టుకుంటుండె గద. బొచ్చు లోపలికి పోతె మనిషి బతుకుతడా?" అంది. ఆ మాట ఆ పసుపు గోడల మధ్య అందరికీ నచ్చింది. కాగితం కంపెనీని వదిలేసింది, నన్ను వదిలేసింది, పిల్లిని పట్టుకుంది.

పెద్దకర్మ అయిన మూడో రోజు నేను పోయేసరికి గుమ్మం ముందు ఆటో ఉంది. అట్టపెట్టెకు తాడు కట్టి ఉంది, లోపల లప్పం గీకుతోంది.

"ముత్తంగి అవతల, రింగ్ రోడ్డు దాటినంక ఇడిసిపెట్టి రా తమ్మీ" అంది అక్క. "దాన్ని సూస్తే నాకు మండుతుంది. తిండి వెట్టి పెంచితే మనిషిని మింగింది."

పెట్టె తీసుకున్నాను. రెండు అడుగులు వేశాను కూడా. రింగ్ రోడ్డు మీద లారీలు ఎట్లా పోతాయో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పెట్టె కింద పెట్టాను.

"పిల్లి కాదక్కా."

"మరి?"

"ఆ కాగితం బావది కాదు. నాది. బావ టోకెన్ తోని నేనూదిన."

ఇట్లాంటివి నేను చెబితే ఎవరూ నమ్మరని మొదట్లోనే చెప్పాను. అక్క నా ముఖం వైపు చూస్తూ నిలబడింది, నేను ఎక్కడ నవ్వుతానా అని. నేను నవ్వలేదు. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను, మెట్ల దగ్గర నేను అన్నది చెప్పాను, ఆయన ఆసుపత్రిలో అన్నది కూడా చెప్పాను.

"ఎన్నిసార్లు ఊదినవ్?"

"ఒక్కపారి."

"ఒక్కపారికే అయిపాయె" అంది. తర్వాత, నాతో కాదు, "ఫెయిలైతె నెల రోజులు ఏడ్సేటోడు. ఏడ్సి, బతికేటోడు" అంది.

ఆటోను పంపించేసింది. తాడు కోసి పెట్టె మూత తీసింది. లప్పం వెంటనే బయటికి రాలేదు. అక్క దాన్ని పిలవలేదు, నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు. స్టూలు వేసుకుని కిటికీ తెరలు ఊడదీయడం మొదలుపెట్టింది. మీగడ రంగు తెరలు, బావ కొని కుట్టించినవి. ఆయన పని బట్టలతోనే ఇంట్లోకి వచ్చిన రోజుల నుంచి ఉతకలేదు. వాటిని నల్లా కింద బకెట్‌లో వేసి పిండింది.

నీళ్లు నీలంగా దిగాయి. మేం అల్మారాలకు వేసే నీలం. పారబోసి మళ్లీ బకెట్ పట్టమంది. పట్టాను. మళ్లీ నీలం. మూడోది పట్టాను. అక్క తెరను రెండు చేతులతో మెలిపెట్టి పిండుతోంది. ఆ నీళ్లు గచ్చు మీద నుంచి గల్లీలోకి పోతున్నాయి. లప్పం పెట్టెలోంచి బయటికి వచ్చి, తడి తగలకుండా గోడ వెంట నడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

"ఇంకోటి వట్టు" అంది అక్క, నా వైపు చూడకుండా.

బకెట్ నల్లా కింద పెట్టాను.