కాలినా తెలియని చెయ్యి

వీధి మలుపులో, మెట్ల కింది చిన్న గదిలో ఆయన ఇస్త్రీ బల్ల. ఊరందరికీ ఆయన ఇస్త్రీ బాబాయే. పెట్టె వేడెక్కిందో లేదో చూడటానికి తడి వేలితో అడుగున చటుక్కున తాకేవాడు. చుయ్‌మన్న తీరునుబట్టే ఏ బట్టకు ఎంత వేడి సరిపోతుందో తెలిసిపోయేది. ఈ మధ్య ఆ వేలు తీయడానికి తొందరపడటం లేదు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటుంటే, "పనిచేసి చేసి చెయ్యి కాయలు కాచి రాయైపోయింది," అని భార్య గొప్పగా చెప్పుకునేది. మరిగే గిన్నె దించాలంటే గుడ్డ వెతకడం మానేసి ఆయన్నే పిలిచేది. ఆయనకూ అది ముచ్చటగానే ఉండేది.

పెద్దాసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకరోజు తన తెల్లబట్టల కోసం వచ్చింది.

"బాబాయ్! చెయ్యి తియ్యి!"

చూస్తే చిటికెనవేలు పెట్టె అంచుకు ఆనుకుని ఉంది. చర్మం కమిలిపోయింది.

"ఏం కాలేదులేమ్మా. నొప్పే లేదు."

"నొప్పి లేదనే నా భయం. మోచేతి మీద కూడా ఈ మచ్చలేంటి? అక్కడా కాయలు కాస్తాయా?"

పక్కనే ఉన్న భార్య ఆ మచ్చలను వేలితో తడిమి చూసింది. మర్నాడు సెలవు పెట్టుకుని మరీ ఆ అమ్మాయే వాళ్లను పెద్దాసుపత్రికి వెంటబెట్టుకుని వెళ్లింది. కన్నబిడ్డలైనా అంత చేస్తారో లేదో.

నరాల డాక్టరు ఆయన్ని కళ్లు మూసుకోమన్నాడు. దూదితో తాకితే వెంటనే చెప్పాడు. వేడినీళ్లు నింపిన గాజు గొట్టం ఒకసారి, చన్నీళ్లు నింపింది ఒకసారి చేతికి ఆనించి, "ఏది వేడి?" అన్నాడు.

"రెండూ ఒకటేగా బాబూ!"

గొట్టాలు పట్టుకుని చూసిన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్కానింగులో తేలింది. మెడ దగ్గర వెన్నుపాము లోపలే ఒక గడ్డ. వేడినీ నొప్పినీ మోసుకెళ్లే దారులను అది నొక్కేస్తోంది. అరుదుగా వచ్చే జబ్బన్నాడు డాక్టరు. అలాగే వదిలేస్తే చేతులు, ఆపైన కాళ్లు పడిపోతాయి. తీస్తే గాని అది ఏ రకమో తెలియదు. ఒక రకం అంచు కట్టుకుని ఉంటుంది, ఒలిచినట్టు వచ్చేస్తుంది. ఇంకో రకం వెన్నుపాములోకే ఇంకిపోతుంది. దాన్ని పూర్తిగా తీయడం ఎవరి తరమూ కాదు.

ఆపరేషన్ అయింది. గడ్డ మొత్తం వచ్చేసిందట, అంచు చాలావరకు విడిగానే ఉందట. అయినా పేరు మాత్రం తేలలేదు. ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసే డాక్టరమ్మ, "ఇప్పుడే చెప్పను," అని కబురంపింది. ఆ ముక్కనే మళ్లీ పలచగా కోయించింది, వేరే రంగులు వేయించింది, తన గురువుగారికి కూడా చూపించింది. ఆ రోజులన్నీ భార్య మంచం పక్కనే కూర్చుని దేవుణ్ణి తలుచుకుంటూ ఉంది.

"నేనే నీచేత మరిగే గిన్నెలు మోయించాను."

"పోనీలేవే. ఇకనుంచి నువ్వు మొయ్యి."

ఏడుస్తూనే నవ్వేసింది.

చివరికి నరాల డాక్టరు నవ్వుమొహంతో వచ్చాడు. "ఎపెండిమోమా అంటారు దీన్ని. అంచు కట్టుకునే రకమే. మొత్తం తీసేశాం. రేడియేషన్, అదే కరెంటు పెట్టే పని కూడా లేదు, ఏటా స్కానింగు చాలు. వేడి తెలియడం మళ్లీ వస్తుందో రాదో చెప్పలేను గానీ, కాళ్లూ చేతులూ మీవే."

భార్య ఆయన పాదాలను దుప్పటి మీదుగానే గట్టిగా పట్టుకుంది. బాబాయి కాసేపు దేవుణ్ణి తలుచుకుని, అడిగాడు: "మరి ఆ పేరు పట్టుకున్న తల్లి ఎవరు బాబూ? ఒకసారి చూడొచ్చా?"

ఆవిడ సాయంత్రం వచ్చింది. సన్నగా, సిగ్గుపడుతూ, వార్డులో ఎటు నిలబడాలో తెలియనట్టు. "మీ ముక్కను అన్నిసార్లు చూశాను, మిమ్మల్ని ఇదే చూడటం. మమ్మల్నెవరూ పిలవరండీ."

"ఇన్నేళ్లు కాపురం చేసి ఈయన లోపల ఏముందో నేను కనిపెట్టలేకపోయానమ్మా," అంది భార్య. "నువ్వు ఇంత ముక్క చూసి చెప్పేశావు!"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. బాబాయి మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు.

"కూర్చో తల్లీ. తొందరపడి ఏదో ఒకటి అనకుండా ఆగావు చూడు, దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

ఆవిడ కూర్చుంది. వెళ్లాల్సిన పని ఉన్నా, చాలాసేపు లేవలేదు.