మసి మీద రెండు గీతలు

దెయ్యాలూ భూతాలూ అంటూ ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో ప్రార్థన ఉంది గాని తాయెత్తులు లేవు. పైగా నేను బి.ఫార్మసీ చదివినదాన్ని. ఏ మందు ఒంట్లో ఏం చేస్తుందో కారణంతో సహా చెప్పకపోతే మార్కులు పడని చదువు అది. అయినా ఈ ఒక్క సంగతి దగ్గర నా చదువుకు నోరు పెగలదు.

అప్పటికి రాష్ట్రం ఇంకా ఒక్కటే. మాది గుంటూరు వైపు. నాన్న రైల్వేలో గార్డు కావడంతో మౌలాలి క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ఆయన ఏ వేళకు డ్యూటీ దిగి వస్తారో తెలియదు కాబట్టి తలుపు కొట్టడానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. వెంటవెంటనే రెండు దెబ్బలు, కాస్త ఆగి మళ్ళీ రెండు. ఆ చప్పుడు వింటే చాలు, అమ్మ ఎవరని అడక్కుండా గడియ తీసేది. వేరే ఎవరు కొట్టినా కిటికీలోంచి చూడందే తీసేది కాదు.

నేను మూడో ఏడు చదువుతుండగా నాన్నకు గుండె జబ్బు వచ్చింది. డాక్టరు డిజాక్సిన్ మాత్ర రాశారు. అది ఒంట్లో పేరుకుంటుంది, శని ఆదివారాలు వేసుకోవద్దన్నారు. మాత్రకు కూడా వారానికి రెండు రోజులు సెలవిచ్చారని నాన్న నవ్వేవారు.

కొన్నాళ్ళకు ఆయనకు అన్నం సయించడం మానేసింది. వాంతులు. గోడలు పచ్చగా కనబడుతున్నాయనేవారు. అమ్మ పచ్చకామెర్లేమో అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. ఆ మందు పాఠం మాకు ఇంకా రాలేదు. కాలేజీకి వెళ్తున్నానే గాని నా మనసంతా ఇంటి దగ్గరే ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం ఫార్మకాలజీ ప్రాక్టికల్. కప్ప గుండె మీద మందుల ప్రభావం చూడాలి. చదవనివాళ్ళకు చెబుతున్నాను: ఒక డ్రమ్ముకు కాగితం అతికించి, మంట మీద తిప్పి నల్లగా మసి పట్టిస్తారు. గుండెకు కొక్కెం తగిలించి దారంతో ఒక సన్నటి పుల్లకు కడతారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా పుల్ల కదిలి, తిరిగే డ్రమ్ము మీద మసిని గీకుతుంది. నలుపు మీద తెల్ల గీతలు పడతాయి. చివర్లో ఆ కాగితాన్ని వార్నిష్‌లో ముంచి ఆరబెడితే గీతలు నిలుస్తాయి. ముంచకముందు వేలు తగిలితే అంతా చెరిగిపోతుంది.

నా జోడీ సరిత. రెజిమెంటల్ బజార్‌లో వాళ్ళకు గాజుల దుకాణం. నాకంటే మొండి మనిషి, దేన్నీ ఒక పట్టాన నమ్మదు. ఇద్దరం పొటాషియం ద్రావణం వేశాం. గుండె ఆగిపోయింది. తిన్నటి గీత పడింది. నేను దారం కత్తిరించాను.

పుల్ల మళ్ళీ కదిలింది.

రెండు గీతలు దగ్గరగా. కాస్త ఖాళీ. మళ్ళీ రెండు.

"ఏందే, ఫ్యాన్ ఏసిన్రా ఎవరన్న?" అంది సరిత. ఫ్యాన్లు ఆపే ఉన్నాయి. పుల్ల ఊగుతుందని ప్రాక్టికల్‌లో ఎప్పుడూ ఆపేస్తారు. సరిత బల్లను రెండు చేతులతో అదిమి పట్టింది. పక్క బల్లల మీద పుల్లలు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. దారం తెగిన మా పుల్ల మాత్రం గీస్తూనే ఉంది. మసి మీద ఏ చప్పుడూ లేదు. కానీ ఆ లెక్క నేను పుట్టినప్పటినుంచి వింటున్నదే.

"ఇంటికి పోతున్నా" అన్నాను. సరిత నా ముఖం చూసి, "పో, నేను మేడమ్‌కు చెప్తా తియ్" అంది. లేస్తూ తడబడి డ్రమ్ముకు చెయ్యి ఆనించాను. గీతలన్నీ చెరిగిపోయాయి. కాబట్టి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. సరిత చూసింది, నేను చూశాను, అంతే.

ఇల్లు చేరేసరికి నాన్న మంచం మీద మగతగా ఉన్నారు. "ఇప్పుడే కన్నంటుకుంది, లేపకే" అంది అమ్మ. నేను చెయ్యి పట్టుకుని నాడి చూశాను. రెండు కొట్టుకుంది. ఆగింది. మళ్ళీ రెండు.

పక్క క్వార్టర్ వాళ్ళు ఆటో పిలుచుకొచ్చారు. ఆస్పత్రిలో గుండె పరీక్ష చేసి, మందు ఎక్కువైందన్నారు. ఎలా ఎక్కువైందని అడిగితే అమ్మ తల వంచుకుని చెప్పింది. ఆదివారం గుడిలో ప్రార్థన ముగించుకుని రాగానే నాన్న నీరసపడుతున్నారట. రెండు రోజులు మందు మానడం వల్లేనని, సోమవారం పొద్దున ఆ మానిన రెండూ కలిపి మూడు వేస్తోందట. "ఒంట్లో బలం తగ్గకూడదని వేశాను బాబూ" అంటూ ఏడ్చింది. డాక్టరు తిట్టలేదు. ఇంకో పూట ఇంట్లోనే ఉంచితే దక్కేవారు కాదని మాత్రం నాతో అన్నారు.

తర్వాత నేను చేయని ప్రయత్నం లేదు. అదే బల్ల, అదే డ్రమ్ము, దారం తెంపి కాచుకుని కూర్చున్నాను. రైళ్ళు పోయాయి, లారీలు పోయాయి. పుల్ల ఒక్కసారీ కదల్లేదు. మేడమ్ గాలి అన్నారు. గాలికి మా నాన్న తలుపు కొట్టే పద్ధతి ఎవరు నేర్పారని నాకు కోపం వచ్చింది.

వార్డులో తెలివి వచ్చాక నాన్న ఒక మాట అన్నారు. అది రాయాలా వద్దా అని చాలా ఏళ్ళు ఊగిసలాడాను.

"ఏమ్మా సుధా, అంతసేపు తలుపు కొడితే తియ్యరేంటి మీరు? మన తలుపూ కాదది. నల్లగా మసి పట్టి ఉంది. కొట్టినప్పుడల్లా తెల్లగా గీత పడుతోంది."

ఆ మందు ఎక్కువైతే మనుషులకు లేనివి కనబడతాయి, నాకు తెలుసు. మసి డ్రమ్ము గురించి ఇంట్లో నేనెప్పుడూ చెప్పలేదు, అదీ తెలుసు. ఆయన ఆ తర్వాత చాలాకాలం బతికారు. డ్యూటీ మానేసినా చివరిదాకా తలుపు అలాగే కొట్టేవారు. నేను మాత్రం రెండో దెబ్బ కోసం ఆగకుండా పరిగెత్తుకెళ్ళి తీసేదాన్ని.