మాట్లాడినవారి పేర్లు

ఆ రోజుల్లో నా దృష్టిలో మనుషులు రెండే రకాలు: క్లాసులో మాట్లాడేవాళ్లు, వాళ్ల పేర్లు రాసేవాళ్లు. నేను రెండో రకం. హనుమకొండలో నాలుగో తరగతి నుంచీ క్లాస్ లీడర్‌ని. టీచర్ గది దాటడం ఆలస్యం, సుద్దముక్క పట్టుకుని బోర్డు మూలన ‘మాట్లాడినవారి పేర్లు’ అని రాసి, కింద గీత కొట్టి, పేర్లు ఎక్కించడం మొదలుపెట్టేదాన్ని. రెండోసారి నోరు తెరిస్తే పేరు పక్కన ఇంటూ మార్కు. (మా పెద్దమ్మ కూతురికి ఒకసారి ఏడు ఇంటూలు పెట్టాను. పెద్దమ్మ ఆర్నెల్లు మా గడప తొక్కలేదు.) నాకు పదకొండేళ్లప్పుడు నాన్నకి ఐర్లండ్‌లో, స్లైగో ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం వచ్చింది. జనవరి చలిలో దిగాం. లీడర్ బ్యాడ్జి సూట్‌కేసులో నాతోపాటే వచ్చింది గానీ, పదవి రాలేదు.

కొత్త స్కూల్లో పిల్లలు టీచర్ ఉండగానే మాట్లాడేవారు. ఆవిడ కూడా వాళ్లతో కలిసి మాట్లాడి నవ్వేది. నాకు కళ్లు తిరిగిపోయాయి. వాళ్ల ఇంగ్లీషు ఎంత జోరుగా వచ్చేదంటే, ఒక వాక్యం అర్థం చేసుకుని జవాబు కూడబలుక్కునేలోపు వాళ్లు నాలుగు సంగతులు దాటి వెళ్లిపోయేవాళ్లు. అందుకని నోరు మూసుకుని కూర్చునేదాన్ని. పైగా అమ్మ రోజూ పొద్దున్న కోటు జిప్పు పెడుతూ, “ముచ్చట్లు పెట్టకు బిడ్డా, టీచర్ చెప్పింది ఇను” అనేది. అమ్మ మాట జవదాటకుండా జూన్ దాకా వచ్చాను. దాన్ని నేను మంచి నడవడిక అనుకున్నాను.

జూన్‌లో క్లాసంతా బస్సులో డబ్లిన్ మ్యూజియానికి బయల్దేరింది. మా టీచర్ ఎండైనా వానైనా పచ్చ రెయిన్‌కోటే వేసుకునేది కాబట్టి నా లెక్కలో ఆవిడ పచ్చకోటు మిస్. లంచ్ సంచులు బస్సులో సర్దుతూ, ఇరవై ఎనిమిది మంది పేర్లున్న అట్టని నా చేతికిచ్చి, “ఇది ఒక్క నిమిషం పట్టుకుంటావా?” అంది. తర్వాత ఆ సంగతే మరిచిపోయింది. నేను మాత్రం మరవలేదు. పేర్ల జాబితా, దానికి క్లిప్పు, క్లిప్పుకి పెన్ను! మళ్లీ లీడర్‌ని చేశారని నాకు అర్థమైపోయింది. మనసులోనే ప్రమాణ స్వీకారం చేసేసి, ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని పని మొదలుపెట్టాను.

ఆ పని అంత తేలికేం కాదు. ఎవరి పేరేమిటో నాకు సరిగ్గా తెలియదు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో చెవులు రిక్కించి వినాలి, మొహం గుర్తుపెట్టుకోవాలి, అప్పుడు ఇంటూ పెట్టాలి. అందరికంటే ఎక్కువ పని కల్పించింది వెనక సీట్లోని ఎర్రజుట్టు పిల్ల. నేను గలగలమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడగారు ఊపిరి తీసుకునేటప్పుడు కూడా మాట్లాడేది. దారిలో నా దగ్గరికొచ్చి చిప్స్ పొట్లం చాపి, “తీసుకో” అంది. లంచం ఇవ్వబోయినందుకు ఇంకో ఇంటూ పెట్టాను. (చిప్స్ మాత్రం తీసుకున్నాను.)

మ్యూజియంలో బురద నేలలో దొరికిన వేల ఏళ్ల కిందటి మనిషి ఉన్నాడట. చర్మం, వేళ్లు, గోళ్లతో సహా చెక్కుచెదరకుండా ఉన్నాడట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే నేను చూడలేదు. అద్దం ముందు మూగిన పిల్లల వెనక నిలబడి, ఎవరి నోరు కదులుతోందో చూస్తున్నాను. “ఈయన గోళ్లు మా తాత గోళ్లకంటే శుభ్రంగా ఉన్నాయి!” అని గలగలమ్మ గొంతు వినిపించింది. అందరూ పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. పళ్ల బిగువున ఆపుకుని ఇంటూ పెట్టాను.

తిరుగు ప్రయాణంలో మిస్ పక్కన కూర్చుని, రిజల్టు ఇచ్చినట్టు ఆ అట్ట ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూసింది.

“ఏమిటిది?”

“మాట్లాడినవారి పేర్లు, మిస్.”

“ఈ అమ్మాయికి ఇరవై మూడున్నాయే!”

“మధ్యలో టాయిలెట్‌కి వెళ్లింది మిస్. లేకపోతే ఇంకా ఉండేవి.”

“సరే. ఇప్పుడు వీళ్లందరినీ ఏం చేయాలి?”

“మా స్కూల్లో అయితే కొడతారు మిస్. తక్కువ ఉన్నవాళ్లని బెంచీ ఎక్కిస్తారు.”

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. ఆ కాగితం మీద వేలితో పైనుంచి కిందికి వెళ్లి ఒకచోట ఆగింది. “నీ పేరు పక్కన ఏమీ లేదే?”

“నేను మాట్లాడలేదు మిస్.” ఛాతీ ఉబ్బించి మరీ చెప్పాను.

“రోజంతా ఎవరితోనూ?”

“ఎవరితోనూ.”

“నిన్న?”

“నిన్న కూడా.”

“స్కూల్లో చేరినప్పటి నుంచీ?”

దానికి కూడా గర్వంగానే జవాబు చెప్పబోయాను. అయిదు నెలలుగా నాకు ఒక్క స్నేహితురాలు లేదన్న సంగతి అప్పుడు, ఆ సీట్లో, మొదటిసారి తెలిసింది. అంతకంటే భయంకరమైన సంగతి వెంటనే తోచింది. ఈ కాగితం గురించి వెనకున్న ఇరవై ఏడు మందికి తెలిస్తే ఇక ఎప్పటికీ ఒక్క స్నేహితురాలూ దొరకదు. తోటిపిల్లల మీద చాడీలు చెప్పడాన్ని మించిన పాపం అక్కడ లేదని నాకూ తెలుసు. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి.

మిస్ ఆ కాగితం క్లిప్పులోంచి తీసి, నాలుగు మడతలు పెట్టి పచ్చకోటు జేబులో వేసుకుంది. ఇంకో తెల్లకాగితం పెట్టి, దాని మీద నా పేరొక్కటే రాసింది. నన్ను చెయ్యి పట్టుకుని వెనక సీటుకి తీసుకెళ్లి, అట్టా పెన్నూ గలగలమ్మకి ఇచ్చింది. “ఈ అమ్మాయి మాట్లాడినప్పుడల్లా ఒక ఇంటూ పెట్టు. స్లైగో చేరేలోపు నాకు పది కావాలి” అంది.

గలగలమ్మకి పండగే. పెన్ను పట్టుకుని నా నోటి వంక చూస్తూ కూర్చుంది. నేను బిక్కమొహం వేసి, “ఏం మాట్లాడాలి?” అన్నాను.

“ఒకటి!” అని అరిచి ఇంటూ పెట్టింది.

“అది లెక్కకి రాదు.”

“రెండు!”

మూడోది నా నవ్వు. నవ్వు కూడా లెక్కేనని గలగలమ్మే తీర్మానించింది. తర్వాత నేను చూడని ఆ బురదమనిషి గురించి అడిగాను. గోళ్ల దగ్గర్నుంచి గడ్డం దాకా చెప్పింది. అందులో సగం సొంత కల్పన అని తర్వాత తెలిసింది. మీ స్కూల్ ఎలా ఉండేదని అడిగితే బెంచీ ఎక్కించడం గురించి చెప్పాను. “నిజంగా? బెంచీ మీదా? అందరి ముందూనా?” అంటూ వెనక సీటంతా నా మీదికి వంగింది. అదేదో భాగ్యమన్నట్టు ముగ్గురు సీట్లెక్కి నిలబడ్డారు. డ్రైవరు అద్దంలో చూసి కేకేశాడు. స్లైగో వచ్చేసరికి నా పేరు పక్కన నలభై ఒకటి. గలగలమ్మకి చెయ్యి నొప్పి పుట్టింది.

ఆ మడత కాగితం సంగతి మిస్ ఎవరికీ చెప్పలేదు. నాతో కూడా మళ్లీ ఎత్తలేదు. పుస్తకాల్లోంచి ఆవిడ నాకేం నేర్పిందో ఇప్పుడు గుర్తు లేదు గానీ, ఆ ఒక్క మౌనానికి ఈ జన్మంతా రుణపడి ఉంటాను.

ఆరో తరగతికీ ఆవిడే మా టీచర్. నవంబరులో తల్లిదండ్రుల్ని పిలిచి, “చదువు గ్రాండ్. ఒక్కటే ఇబ్బంది, క్లాసులో మాటలు మరీ ఎక్కువ” అని నా వైపు చూసింది. నాన్న మొహం మాడిపోయింది. కారెక్కగానే అందుకున్నాడు. “ఏందిది బిడ్డా? హనుమకొండల అందరి నోర్లు మూయించినదానివి, ఈడికొచ్చి ఇజ్జత్ తీస్తున్నవా?”

“రోజూ పొద్దుగాల చెప్తనే ఉన్న గద!” అని అమ్మ వంత పాడింది.

ఇల్లు చేరేదాకా తిట్లు తింటూనే ఉన్నాను. తర్వాత ఉద్యోగాల్లో మెచ్చుకోళ్లు వచ్చాయి, ఒకటి రెండు ఫ్రేములు గోడకెక్కాయి. ఏదీ ఆ ఫిర్యాదంత తియ్యగా లేదు. తలొంచుకున్నట్టు నటిస్తూ, వెనక సీట్లో మొహం కిటికీ వైపు తిప్పుకుని నవ్వుకుంటున్న ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది.