బాబాయి ఆల్‌మోస్ట్

పొద్దున ఎలక్ట్రీషియన్ ఫోన్ చేసి, "ఆల్‌మోస్ట్ వచ్చేశానండీ" అన్నాడు. మధ్యాహ్నం భోజనాలు కూడా అయ్యాయి, మనిషి జాడ లేదు. కోపం రావలసింది పోయి నవ్వొచ్చింది. ఆ మాట వింటే నాకు అద్దంకి దగ్గర మిరప వేసే మా బాబాయే గుర్తొస్తాడు. ఎక్కడ పట్టుకొచ్చాడో గానీ, ఆయన నోట అన్నం ఎప్పుడూ ఆల్‌మోస్ట్ ఉడికిపోయేది, బస్సు ఆల్‌మోస్ట్ వచ్చేసేది, ఊళ్లో సంబంధాలన్నీ ఆల్‌మోస్ట్ కుదిరిపోయేవి. పిన్నికి ఆ మాటంటే ఒళ్లుమంట. ఒకసారి నన్నే నిలదీసింది. "బళ్లో ఇంగ్లీషు చెప్పేదానివిగా, అర్థమేంటో చెప్పు." పూర్తికి కాస్త తక్కువ అన్నాను. అందులో బాబాయి పూర్తిని తీసుకున్నాడు, పిన్ని తక్కువను తీసుకుంది.

ఆ మధ్య ఒక వేసవి మొదట్లో నేను వెళ్లేసరికి కళ్లం నిండా కాయలు ఎండుతున్నాయి. అంతకు ముందటేడు నల్లతామర పురుగు తోటంతా ఊడ్చేసింది. ఈసారి కూడా పంట చేతికి రాకపోతే ఇక మిరప జోలికి పోనని బాబాయి తేల్చేశాడు. బుద్ధెరిగినప్పటి నుంచి మిరప తప్ప మరోటి వెయ్యని మనిషి అలా అనేసరికి నాకు దిగులేసింది. ఆ సాయంత్రం మబ్బు పట్టింది. బాబాయి గబగబా లారీకి ఫోన్ చేసి, "ఆల్‌మోస్ట్ ఎండాయి, మూటలు కట్టెయ్యండి" అని కూలీలను కేకేశాడు. పిన్ని గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించింది. బాగా ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి. ఇవి పలకలేదు.

"తడుందయ్యా. ఇప్పుడు కడితే బూజు పట్టి మొత్తం పోద్ది."

"వానొస్తే మాత్రం పోదా?"

"కప్పుదాం. లారీ వద్దని చెప్పు."

బాబాయి మబ్బుకేసి, పిన్నికేసి చూసి, గొణుక్కుంటూనే మళ్లీ ఫోన్ చేశాడు. అందరం కాయలు కుప్ప చేసి టార్పాలిన్లు కప్పాం. నా చేతులు మర్నాటి దాకా మండుతూనే ఉన్నాయి. జల్లు పడి పోయింది. పొద్దున్నే తీసి చూస్తే లోపలికి చుక్క దిగలేదు. పైగా మంచి ఎండ కాసింది. మళ్లీ పరిచి, కాళ్లతో తిరగేస్తూ ఇంకొన్నాళ్లు ఆగాం. ఆఖరికి పిన్ని గుప్పెడు తీసి బాబాయి చెవి దగ్గరే ఆడించింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"ఎండాయి" అన్నాడు. ఆ మాటకు ముందు ఆల్‌మోస్ట్ లేదు.

పిన్ని మొహం వెలిగిపోయింది. "మరి వచ్చే ఏడు?"

"నారు ఆల్‌మోస్ట్ పోసినట్టే."

పిన్ని ఈసారి అర్థం అడగలేదు. రైతుకి గడిచిపోయిన ఏడు కంటే రాబోయే ఏడే ఎప్పుడూ దగ్గర.