పిట్టల చీటీలు, తొక్కు సీసాలు

అరవై తొమ్మిదిలో దిల్‌సుఖ్‌నగర్‌లో మా ముందు గది ఒక కోస్తా సారుకు కిరాయికిచ్చాం. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. ఏది రాసినా పెన్సిల్‌తోనే రాసేవాడు. సిరా దండగ చెయ్యని మనిషని ఆయన మీద నాకు మంచి అభిప్రాయం.

తెలంగాణ ఉద్యమం ముదిరి కాలేజీలు, లైబ్రరీలు మూతపడ్డాయి. కోస్తావాళ్లను వెళ్లిపొమ్మని మా గోడ మీదే బొగ్గుతో రాశారు. రాసింది బయటివాళ్లు కాదు, మా ఇంట్లో తిని చదువుకుంటున్న మా మరిది. సున్నం పాడైందని నేను తిట్టాను గానీ, రాసిన మాట గురించి ఏమీ అనలేదు. సారు తాళంచెవి నా చేతికిచ్చి, అప్పుడప్పుడు ఊడ్పించమని చెప్పి, ఎండాకాలానికి తన ఊరు పోయాడు.

ఊడుస్తుంటే బల్ల మీద మందపాటి చీటీల కట్ట కనిపించింది. ఒక పక్క ఇంగ్లీషు గీతలు, రెండో పక్క తెల్లగా ఖాళీ. నేను పోచంపల్లిలో మగ్గం ఇంట్లో పుట్టాను. తెగిన పోగును కూడా పారెయ్యని ఇల్లు అది. పైగా మామిడికాయ తొక్కు పెట్టే రోజులు. ఏటా అందరికీ సీసాలు పంచుతాను, పోయిన సీసా తిరిగొచ్చింది లేదు. నాకు వచ్చిన మూడో తరగతి చదువుతో ఆ చీటీల మీద ‘సీసా కడిగి వాపసు ఇయ్యాలె’ అని రాసి, గంజితో అంటించి పంపాను. అప్పటికి మరిదిని పోలీసులు పట్టుకుపోయారు. ఆ పిల్లవాడికి జైలుకు తొక్కు పంపిన డబ్బా మీద కూడా ఒక చీటీ అంటించాను. జైలైనా నా డబ్బా నాకు రావాలి కదా.

సారు తిరిగొచ్చి బల్ల వైపు చూశాడు.

“అక్కయ్యగారూ, ఇక్కడ పద్దెనిమిది చీటీలుండాలండీ.”

చేసింది చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని.

తర్వాత అడిగితే చెప్పాడు. సైన్సులో ప్రతి పిట్టకూ రెండు ముక్కల పేరు ఉంటుందట. కొన్నిటికి రెండో ముక్క మనిషి పేరు మీద పెడతారట. ఆ మనిషి పటాలం డాక్టరా, దొరగారి భార్యా, ఎక్కడ పుట్టి ఎక్కడ పోయారని పెద్ద లైబ్రరీలో పాత పుస్తకాలు తిరగేసి, ఇంగ్లండు సీమకు ఉత్తరాలు రాసి, మూడేళ్లలో మనిషికొక చీటీ తయారు చేసుకున్నాడు. ఇప్పుడు బదిలీకి అర్జీ పెట్టాడు. బదిలీ మీద పోయే ఊళ్లో అలాంటి పుస్తకాలు దొరకవు.

బయటివాళ్లు మన నౌకరీలు పట్టుకుపోయారని ఊరంతా మండుతోంది. సరూర్‌నగర్ చెరువు మీద తిరిగే పిట్టలకేమో సీమ దొరల పేర్లు. ఆ దొరల పుట్టుపూర్వోత్తరాలు వెతికేది గుంటూరు మనిషి. వాళ్లందరినీ తొక్కు సీసాలకు అంటించింది నేను.

బదిలీ కాగితం వచ్చేలోపు చీటీలు తేవాలని బయల్దేరాను. ఒకసారి ఇచ్చింది మళ్లీ అడగడానికి అంతకుముందు ఎవరి గడపా తొక్కలేదు. గడ్డిఅన్నారంలో దవాఖాన ఆయమ్మ నన్ను చూడగానే మొహం మాడ్చుకుంది.

“సీస కోసమే ఒచ్చినవ్ గదక్కా. తొక్కింక ఒడవలే, సగం సీసల్నే ఉంది.”

“సీస ఉంచుకో. దాని మీది కాగితం కావాలె.”

“కాగితం గూడ వాపసేనా?” అని ఆమె చర్చికి పోయే వాళ్లందరికీ చెప్పింది. నా పిసినారితనం నేను పోకముందే హయత్‌నగర్ చేరింది. బస్సులు బంద్. ఎడ్లబండి మీద పోతే, అక్కడ మా చెల్లెలు నేను అడగకముందే చీటీ ఊడదీసి పెట్టింది.

గంజి కాబట్టి తడపగానే ఊడాయి. పెన్సిల్ కాబట్టి రాత నిలిచింది. నూనె మరకలు మాత్రం పోలేదు. పదిహేడు వచ్చాయి. పద్దెనిమిదోది జైల్లో ఉంది. అది ఆడమనిషిది. ఇంటిపేరు లేదు, ఎవరి బిడ్డో తేలలేదు. ఆమె కోసం ఏయే పుస్తకాలు వెతికాడో మాత్రం సారు ఆ చీటీ నిండా రాసుకున్నాడట. బదిలీ వచ్చేసింది. పదిహేడు చీటీలూ, నేనిచ్చిన ఒక తొక్కు సీసా తీసుకుని ఆయన వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు మరిది విడుదలై వచ్చాడు. డబ్బా కడిగే తెచ్చాడు. చీటీ జేబులో ఉంది.

“వదినా, గీమె ఎవరు?”

“ఏమె?”

“జైల్ల చదవనీకి గిదొక్కటే ఉండె. పిట్టకు పేరైతే పెట్టిండ్రు, ఎవరో ఎవ్వరికి తెల్వదట.”

“చెప్పెటోన్ని మీరే ఎల్లగొడితిరి గద.”

చీటీ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి పదిహేను రోజులు లైబ్రరీకి నడిచిపోయాడు. ఆమె దొరకలేదు. ఆమె జాడ లేని పుస్తకాలు ఇంకో మూడు దొరికితే, సారు రాసిన వాటి కిందే పెన్సిల్‌తో చేర్చాడు. తర్వాత నా దగ్గర సారు అడ్రసు తీసుకుని, చీటీ కవర్లో పెట్టి, తోడు ఒక ఉత్తరం రాశాడు. లైబ్రరీ మళ్లీ తెరిచారనీ, వస్తే మన ఇంట్లోనే దిగమనీ రాసి నాకు చదివి వినిపించాడు.

కాగితం కింద ఇంకా జాగా మిగిలి ఉంది. సీసా సంగతి కూడా రాయమన్నాను.